సముద్రం వేడికీ అడవి మంటకీ ఏమిటి సంబంధం? తరచుగా అడిగే ప్రశ్నలు

2015లో నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సెప్టెంబరు నెలాఖరున ఓ ఉదయం కిటికీ తెరిస్తే ఎదురు బ్లాకు కనిపించలేదు. తడి చెత్త తగలబెట్టినప్పుడు వచ్చే వాసన, గొంతులో గరగర. తలుపు కింది సందులో తడి తువ్వాలు కుక్కి, గంటకోసారి ఫోన్లో గాలి నాణ్యత సూచీ చూసుకుంటూ కూర్చున్నాం. అక్కడ 300 దాటితే ప్రమాదకరం అని లెక్క. 25వ తేదీన ప్రైమరీ, సెకండరీ బడులన్నిటికీ సెలవిచ్చేశారు. ఆ సాయంత్రం ఒంగోలు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మంటలేమో సుమత్రాలో అంటున్నారు, పొగ మీ ఇంట్లోకొచ్చిందేంట్రా? అయినా అంత వానలు పడే దేశంలో అడవి ఎలా అంటుకుంది?" అని అడిగింది.

పొగను మోసుకొచ్చింది గాలి, ఆ సంగతి వెంటనే చెప్పగలిగాను. రెండో ప్రశ్నకు జవాబు కోసం చాలా చదవాల్సొచ్చింది. ఆ తర్వాత స్నేహితులు, బంధువులు, ఊళ్ళో వ్యవసాయం చేసేవాళ్ళు ఏవేవో సందర్భాల్లో అడిగిన ప్రశ్నల్ని, నాకు తెలిసిన జవాబుల్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

సముద్రం ఎక్కడ, అడవి ఎక్కడ? అసలు సంబంధం ఏమిటి?

సముద్రం నిప్పు పెట్టదు. కట్టెను ఎండబెడుతుంది. నిప్పు పెట్టేది చాలాచోట్ల మనిషి, కొన్నిచోట్ల పిడుగు.

సముద్రం ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడ తేమగాలి పైకి లేస్తుంది, మబ్బు కడుతుంది, వాన పడుతుంది. అలా లేచిన గాలి ఎక్కడో ఒకచోట కిందికి దిగాలి. దిగే గాలి వేడెక్కుతుంది, పొడిబారుతుంది, మబ్బును కట్టనివ్వదు. వెచ్చని నీళ్ళు తమ చోటు మార్చుకున్నాయంటే గాలి లేచే చోటూ దిగే చోటూ రెండూ మారిపోతాయి. నిన్నటిదాకా వాన పడిన అడవి మీద ఈ ఏడు ఎండగాలి దిగుతుంది. రెండు మూడు నెలలు అలాగే సాగితే నేలమీది ఆకులు, తర్వాత పుల్లలు, తర్వాత మొద్దులు, చివరికి మట్టి కూడా ఆ వరసలో ఎండుతాయి. ఎండిన అడవిలో నిప్పురవ్వ ఎంత దూరం పోతుందో, తడి అడవిలో ఎంత దూరం పోతుందో అగ్గిపుల్ల గీసిన ఎవరికైనా తెలుసు.

సముద్రం ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు వేడెక్కితే అంత తేడా వస్తుందా?

మనకు జ్వరం రెండు డిగ్రీలు పెరిగితే ఎలా ఉంటుందో అలాగే అనుకోండి. పైగా నీటికి వేడిని పట్టి ఉంచుకునే గుణం చాలా ఎక్కువ. సముద్రంలో పై మూడు మీటర్ల నీళ్ళు పట్టగలిగే వేడి, వాటిమీద ఉన్న మొత్తం వాతావరణం పట్టగలిగే వేడితో దాదాపు సమానం. గాలి నిన్నటి ఎండను ఇవాళ మర్చిపోతుంది, సముద్రం నెలల తరబడి గుర్తుంచుకుంటుంది. అడవి మంటల్ని ముందుగా ఊహించగలుగుతున్నామంటే ఆ జ్ఞాపకం వల్లే.

ఇంకో సంగతి. ఉష్ణమండలంలో సముద్రపు పైపొర 27, 28 డిగ్రీలు దాటితే గానీ పెద్ద ఉరుము మబ్బులు జోరందుకోవు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న చోట అర డిగ్రీ తేడా కూడా వానను అటో ఇటో తోసేస్తుంది.

ఎల్ నినో అంటే ఒక్క ముక్కలో చెప్పండి.

మామూలు ఏడాదుల్లో పసిఫిక్ మీద భూమధ్యరేఖ వెంబడి గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. వెచ్చని నీళ్ళను ఇండోనేషియా వైపు నెట్టి కుప్ప పోస్తాయి. అక్కడి సముద్రమట్టం దక్షిణ అమెరికా వైపు కంటే అర మీటరు దాకా ఎత్తుగా ఉంటుంది. ఆ గాలులు సడలితే కుప్ప జారి తూర్పుకు పరుచుకుంటుంది, దాని వెనకే మబ్బులూ వెళ్ళిపోతాయి. ఇండోనేషియాకు మిగిలేది దిగే గాలి, ఎండ. అదే ఎల్ నినో. గాలులు మామూలు కంటే గట్టిగా వీచి వెచ్చని నీళ్ళు పడమర చివరే ఇరుక్కుపోతే లా నినా.

క్రిస్మస్ రోజుల్లో తమ తీరానికి వచ్చే వెచ్చని నీళ్ళకు పెరూ జాలర్లు పెట్టుకున్న పేరిది. వాళ్ళ భాషలో బాల ఏసు అని. ఈ కథలో మన దేశానికీ చోటుంది. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, రుతుపవనాలు ఎందుకు దగా చేస్తున్నాయో తెలుసుకోవాలని దేశదేశాల లెక్కలు తెప్పించి కూర్చున్నాడు. హిందూ మహాసముద్రం వైపు గాలి పీడనం పెరిగితే పసిఫిక్ వైపు తగ్గుతోందని, తక్కెడ పళ్ళాల్లా ఊగుతున్నాయని ఆయనకు ఆ లెక్కల్లోనే దొరికింది. కరువుల దేశంలో కూర్చుని వాన కోసం వెతికిన మనిషికి సగం భూగోళపు గుట్టు చిక్కింది. ఆ ఊగులాటనూ సముద్రపు వేడినీ కలిపి 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ వివరించాడు, పసిఫిక్ మీది ఆ గాలి చక్రానికి వాకర్ పేరే పెట్టాడు.

ఎల్ నినో వస్తే ఇండోనేషియా అంతలా ఎందుకు కాలుతుంది?

అమ్మ అడిగిన ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇండోనేషియాలోని సుమత్రా దీవి, బోర్నియో దీవిలో ఆ దేశపు భాగమైన కాలిమంతాన్, వీటి తీరప్రాంతాల్లో నేల మన నేలలాంటిది కాదు. నీళ్ళలో నానుతూ కుళ్ళీ కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకుపోయిన ఆకులు, వేళ్ళు, కాండాలే అక్కడ నేల. దాన్ని పీట్ అంటారు. పిడికిట్లోకి తీసుకుని పిండితే స్పాంజిలోంచి కారినట్టు టీ రంగు నీళ్ళు కారతాయి. కొన్నిచోట్ల పది మీటర్లకు పైగా లోతుంటుంది. తడిగా ఉన్నంతకాలం దానికి నిప్పంటదు. ఎండిందంటే పొయ్యిలో పెట్టే పిడకకూ దానికీ తేడా లేదు. పిడక ఎలా కాలుతుందో తెలుసు కదా, మంట లేకుండా, లోలోపల, పొగ చిమ్ముతూ, ఆరదు. పీట్ మంట కూడా అంతే, నేల కిందికి దిగిపోతుంది. పైన బిందెలకొద్దీ నీళ్ళు పోసి ఆర్పామనుకుని వెళ్ళిపోతే నాలుగు రోజులకు ఇరవై అడుగుల అవతల మళ్ళీ పొగ లేస్తుంది. మామూలుగా అక్టోబరు చివర, నవంబరులో వచ్చే పెద్ద వానలే దాన్ని ఆర్పాలి. ఎల్ నినో ఏడాదుల్లో ఆ వానలే ఆలస్యమవుతాయి.

1997లో అలా కాలిన పీట్ నేలల నుంచి గాలిలోకి వెళ్ళిన కర్బనం 81 కోట్ల టన్నుల నుంచి 257 కోట్ల టన్నుల మధ్య ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. అప్పట్లో ప్రపంచమంతా ఏడాదికి కాల్చే బొగ్గు, పెట్రోలు, గ్యాసు నుంచి వచ్చే కర్బనంలో అది 13 నుంచి 40 శాతం. ఆ ఏడాది సెప్టెంబరు 26న సుమత్రాలోని మెడాన్ దగ్గర దట్టమైన పొగలో దిగబోయిన గరుడ సంస్థ విమానం కూలి, అందులో ఉన్న 234 మందీ చనిపోయారు. 2015లో సుమారు 26 లక్షల హెక్టార్లు కాలాయి. కాలిమంతాన్‌లోని పలంకరాయలో పట్టపగలు ఆకాశం పసుపుపచ్చగా మారింది. సింగపూర్‌లో 300 అంటేనే మేం తలుపులు బిగించుకున్నాం, అక్కడ సూచీ 2,000 దగ్గర ఆడింది. ఆ పొగ వల్ల ఇండోనేషియా, మలేషియా, సింగపూర్‌లలో కలిపి లక్ష దాకా అకాల మరణాలు సంభవించి ఉంటాయని అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు లెక్కగట్టారు. నేను కిటికీలు మూసుకుని గడిపిన ఆ వారాల్ని పలంకరాయలో తలుపుల్లేని ఇళ్ళలో పసిపిల్లలతో గడిపిన తల్లులున్నారు. ఈ లెక్కలు చదివినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు.

అయితే తప్పంతా ఎల్ నినోదేనా?

కాదు. ఇదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం.

ఉపగ్రహాలు లేని రోజుల్లో ఎంత పొగ వచ్చిందో ఎలా తెలుసుకోవడం? పరిశోధకులు ఒక మంచి దారి పట్టారు. విమానాశ్రయాల్లో 1960ల నుంచి రోజూ రాసిపెట్టిన పుస్తకాలు తీశారు. ఇవాళ ఎంత దూరం కనిపిస్తోంది అని పైలట్ల కోసం రాసుకునే లెక్క అది. చూస్తే, సుమత్రాలో 1960ల నుంచే కరువొచ్చిన ప్రతిసారీ దట్టంగా పొగ ఉంది. కాలిమంతాన్‌లో మాత్రం 1980ల దాకా గట్టి కరువులొచ్చినా అంత పొగ లేదు, ఆ తర్వాతే మొదలైంది. రెండుచోట్లా సముద్రం ఒకటే, కరువూ ఒకటే. తేడా మనుషుల్లో ఉంది. సుమత్రాలో అడవి నరికి, కాలువలు తవ్వి, జనాన్ని తెచ్చి స్థిరపరచడం ముందే జరిగింది. కాలిమంతాన్‌లో అది తర్వాత మొదలైంది.

అన్నిటికీ మించిన ఉదాహరణ మెగా రైస్ ప్రాజెక్టు. పది లక్షల హెక్టార్ల పీట్ నేలను వరిపొలాలుగా మారుస్తామని అప్పటి అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం 1995లో పూనుకుని 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వించింది. ఆ పుల్లటి మట్టిలో వరి పండలేదు. కాలువలు మాత్రం నేలలోని నీటిని లాగేశాయి. రెండేళ్ళు తిరక్కుండానే 1997 ఎల్ నినో వచ్చింది. ఎవరో ముందే పొయ్యి పేర్చి పెట్టినట్టయింది.

మన హిందూ మహాసముద్రానికి ఇందులో పాత్ర లేదా?

ఉంది, పెద్దదే. 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, జపాన్ శాస్త్రవేత్త యమగాట కలిసి దాన్ని ప్రపంచానికి చూపించారు. ముగ్గురు భారతీయుల పేర్లతో ఆ వ్యాసం వచ్చిందని చెప్పుకోవడం నాకు ఇష్టం. దాని పేరు హిందూ మహాసముద్ర డైపోల్, వాతావరణ వార్తల్లో ఐఓడీ అంటారు. సానుకూల డైపోల్ ఉన్నప్పుడు ఆఫ్రికా వైపు సముద్రం వేడెక్కుతుంది, సుమత్రా, జావా తీరాన లోతు నుంచి చల్లనీళ్ళు పైకి వస్తాయి. వాన ఆఫ్రికా వైపు జరుగుతుంది. ఇండోనేషియా, ఆస్ట్రేలియా ఎండుతాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దీని జోరు ఎక్కువ.

2019లో వచ్చింది ఇప్పటిదాకా నమోదైన వాటిలో అతి బలమైన వాటిలో ఒకటి. అదే సముద్రం, అదే ఏడాది, మూడు దేశాల్లో మూడు కథలు నడిచాయి. మనకు రుతుపవనాల వాన సగటులో 110 శాతం పడింది. తూర్పు ఆఫ్రికాలో వరదలు ముంచెత్తాయి, ఆ తడికి మిడతలు దండుకట్టాయి. ఆస్ట్రేలియాలో దేశమంతటి సగటు వర్షపాతం 277 మిల్లీమీటర్లకు పడిపోయింది, రికార్డుల్లో అంత పొడి ఏడాదీ అంత వేడి ఏడాదీ ఇంకోటి లేదు. డిసెంబరు 18న దేశమంతటికీ కలిపి తీసిన సగటు గరిష్ఠ ఉష్ణోగ్రతే 41.9 డిగ్రీలు.

అప్పటి మంటల్ని వాళ్ళు బ్లాక్ సమ్మర్ అంటారు. 33 మంది మంటల్లో చనిపోయారు, 3,000కు పైగా ఇళ్ళు కాలాయి, అక్కడి ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, లెక్క ప్రకారం 2.4 కోట్ల హెక్టార్లకు పైగా భూమి కాలింది. పొగ వల్ల పోయినవాళ్ళు 400 మందికి పైగా ఉంటారని అంచనా. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ డిసెంబరులో మాస్కుల కోసం దుకాణాలు వెతికిన సంగతి వాళ్ళనడిగితే చెబుతారు. ఒక్క డైపోల్ మీదే నేరం మోపడం సరికాదు. దక్షిణ ధ్రువం మీద పైవాతావరణం ఉన్నట్టుండి వేడెక్కి, పడమటి పొడిగాలుల్ని ఆస్ట్రేలియా మీదికి తోసింది. వరసగా మూడేళ్ళ కరువు అప్పటికే నేలను పిండేసింది. డైపోల్ సడలి, 2020 ఫిబ్రవరిలో గట్టివాన పడ్డాకే న్యూసౌత్‌వేల్స్‌లో మంటలు ఆరాయి.

2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో 173 మందిని బలితీసుకున్న మంటలకు ముందు కూడా 2006, 2007, 2008 వరసగా మూడేళ్ళు సానుకూల డైపోల్ వచ్చింది.

వాన ఎక్కువ పడితే మంటలు తగ్గుతాయి కదా?

అడవిలో తగ్గుతాయి. గడ్డినేలల్లో పెరుగుతాయి. నడి ఆస్ట్రేలియా ఎడారిలో మామూలప్పుడు కాలడానికి ఏమీ ఉండదు, మంట ఒక గడ్డిదుబ్బు నుంచి ఇంకో దుబ్బుకు దూకలేదు. లా నినా వానలకు అక్కడ గడ్డి నడుములోతు పెరుగుతుంది. మరుసటి ఎండాకాలానికి అదంతా ఎండుతుంది. 1974-75లో అలా కాలిన నేల 11.7 కోట్ల హెక్టార్లు, దేశంలో దాదాపు 15 శాతం. బ్లాక్ సమ్మర్ కంటే అయిదు రెట్లు! ఊళ్ళకు దూరంగా కాలింది కాబట్టి చాలామందికి గుర్తు లేదు. కాబట్టి "ఎల్ నినో అంటే మంటలు, లా నినా అంటే చల్లదనం" అని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే, ఏ ఊరి సంగతి అని అడగండి.

అమెరికాలో ఉన్న మా పిల్లలకు ఏ సముద్రం సంగతి వర్తిస్తుంది?

అదే పసిఫిక్, కానీ తిరగేసి. అరిజోనా, న్యూమెక్సికోల్లో లా నినా చలికాలం పొడిగా గడుస్తుంది, ఆ వెంటనే వచ్చే వసంతంలో పెద్ద మంటలు వస్తాయి. ఈ సంబంధాన్ని 1990లో స్వెట్నమ్, బెటన్‌కోర్ట్ అనే ఇద్దరు చెట్ల మానుల్లో చదివారు. మంట తాకిన చెట్టు చావకుండా బతికితే ఆ గాయం ఆ ఏటి వలయంలో మచ్చగా ఉండిపోతుంది. వందల ఏళ్ళ మచ్చల్ని ఎల్ నినో, లా నినా ఏడాదులతో పోల్చి చూశారు. అరిజోనా చరిత్రలో అతిపెద్దదైన 2011 వాలో మంట కూడా లా నినా చలికాలం తర్వాతే వచ్చింది.

కాలిఫోర్నియా అంత తేలిగ్గా లెక్కకు దొరకదు. 2015-16లో బలమైన ఎల్ నినో వచ్చినా రాష్ట్రపు దక్షిణభాగంలో ఆశించిన వాన పడలేదు. 2022-23 లా నినా చలికాలం, మామూలుగా పొడిగా గడవాలి, వరదలు వచ్చాయి. 2025 జనవరి లాస్ ఏంజెలెస్ మంటల్లో తడి, పొడి రెండు ముఖాలూ కనిపిస్తాయి. వరసగా రెండు తడి చలికాలాలకు కొండల మీద పొదలు దట్టంగా పెరిగాయి. తర్వాత మే నుంచి జనవరి మొదటివారం దాకా నగరం నడిబొడ్డున పడిన వాన మొత్తం 4 మిల్లీమీటర్లు. పసిఫిక్‌లో అప్పుడు బలహీనమైన లా నినా ఉంది. జనవరి 7న ఎడారి వైపు నుంచి శాంటా అనా గాలులు వీచాయి. సముద్రం పొదల్ని పెంచడంలో, ఎండబెట్టడంలో ఒక చెయ్యి వేసింది. ఇళ్ళదాకా మంటను మోసింది ఆ గాలి.

అమెజాన్ అడవి?

అమెజాన్‌కు రెండు సముద్రాలూ శత్రువులే. పసిఫిక్‌లో ఎల్ నినో వస్తే ఉత్తర, తూర్పు భాగాలు ఎండుతాయి. ఉత్తర అట్లాంటిక్ వేడెక్కితే వానపట్టీ ఉత్తరానికి జరిగి దక్షిణ, నైరుతి భాగాలు ఎండుతాయి. 2005, 2010 కరువుల్లో అట్లాంటిక్‌దే ముఖ్యపాత్ర. 2023లో రెండూ కలిశాయి. బ్రెజిల్‌లోని మనావుస్ దగ్గర రియో నీగ్రో నది, లెక్కలు రాయడం మొదలయ్యాక ఎన్నడూ లేనంత కిందికి పోయింది. మరుసటి ఏడాది ఆ రికార్డూ పోయింది. అయితే 2019 ఆగస్టులో ప్రపంచమంతా మాట్లాడుకున్న అమెజాన్ మంటల్ని సముద్రానికి అంటగట్టకూడదు. ఆ ఏడాది పెద్ద కరువేమీ లేదు. నరికిన చెట్లను ఎండబెట్టి తగలబెట్టారు, అంతే.

మంటలు తిరిగి సముద్రాన్ని ఏమైనా చేస్తాయా?

చేస్తాయి. 1997లో సుమత్రా పొగతోపాటు ఇనుము ఉన్న బూడిద పశ్చిమతీరాన మెంతవాయి దీవుల దగ్గర సముద్రంలో పడింది. నాచు విపరీతంగా పెరిగి నీళ్ళు ఎర్రబారాయి, ఊపిరాడక పగడపుదిబ్బలు చచ్చిపోయాయి. ఆస్ట్రేలియా బూడిద 2019-20లో దక్షిణ మహాసముద్రంలో ఆ దేశం కంటే పెద్ద మేర నాచును పెంచింది. ఆ పొగ సూర్యరశ్మిని అడ్డగించి, తర్వాత మూడేళ్ళు వరసగా వచ్చిన లా నినాకు సాయపడి ఉండొచ్చని కంప్యూటర్ నమూనాలతో చేసిన ఒక అధ్యయనం చెబుతోంది. ఇది ఇంకా చర్చలో ఉన్న విషయం.

మన నల్లమల, శేషాచలం, ఆదిలాబాద్ అడవుల సంగతేమిటి?

మన అడవులు ఆకు రాల్చే అడవులు. ఎల్ నినో ఉన్నా లేకున్నా ఫిబ్రవరి వచ్చేసరికి నేలంతా కాలి కింద చప్పుడు చేసే ఎండుటాకులే, వాటి మధ్య నిలబడే ఎండిపోయిన బోదగడ్డి. కాబట్టి మనకు ప్రతి ఏడూ మంటల కాలమే, ఫిబ్రవరి నుంచి మే దాకా. ఏ ఏడాది ఎంత కాలుతుందో తేల్చేది ఎండలు ఎంత ముందుగా ముదిరాయి, నడుమ రెండు మామిడి జల్లులు పడ్డాయా లేదా అన్నది. ఎల్ నినో ఏడాది రుతుపవనాలు తరచుగా తగ్గుతాయి, ఆ తర్వాతి ఎండాకాలం ముదురుతుంది. 2015లో దేశానికి సగటులో 86 శాతం వానే పడింది. మరుసటి ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాఖండ్ పైన్ అడవులు కాలి, వైమానిక దళం హెలికాప్టర్లు భీమ్‌తాల్ చెరువు నుంచి నీళ్ళు ముంచుకెళ్ళి పోశాయి. అదే 2014 మార్చిలో శేషాచలం అడవులు కాలినప్పుడూ హెలికాప్టర్లు రావాల్సొచ్చింది, అప్పుడు మాత్రం పసిఫిక్‌లో ఎల్ నినో లేదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మన దగ్గర సముద్రం మంటల్ని ఎగదోయగలదు గానీ, మంటలు దాని కోసం ఆగి ఉండవని తెలుస్తుంది.

నిప్పు ఎక్కడినుంచి వస్తుందో అడవి పక్క ఊళ్ళవాళ్ళకు తెలుసు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. లేత పసుపు రంగు, వేలి చివరంత పువ్వు, ఎండుటాకుల్లో పడితే కనబడదు. అందుకని చెట్టు కింద ఆకు తగలబెట్టి నేల శుభ్రం చేస్తారు, పొద్దున్నే పువ్వు నల్లటి నేలమీద తెల్లగా కనిపిస్తుంది. ఆ చిన్న మంటను చెట్టుచుట్టూ ఊడ్చి కట్టడి చేస్తే ఏమీ కాదు, ఊడ్వకుండా వదిలేస్తే గాలికి గుట్టెక్కుతుంది. తునికాకు లేతగా చిగురించాలని పొదలు కాల్చడం ఇంకో కారణం. ఆ పనికి కొమ్మకొట్టుడు అనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది, నిప్పుతో అవసరమే లేదు. ఆ పువ్వు, ఆ ఆకు మీద ఏడాది తిండి వెళ్ళదీసే కుటుంబాల్ని దొంగల్లా చూడటం నాకు కష్టంగా ఉంటుంది. చెట్టు కింద కట్టుకోవడానికి వల ఇస్తే, ఆకు ఊడ్చే కూలి ఇస్తే చాలావరకు తీరే సమస్య ఇది.

అయితే ముందే చెప్పేయొచ్చన్నమాట?

కొంతవరకు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ పరిశోధకులు పసిఫిక్, అట్లాంటిక్ ఉష్ణోగ్రతలు చూసి దక్షిణ అమెరికా మంటల కాలం ఎంత తీవ్రంగా ఉంటుందో మూడు నుంచి అయిదు నెలల ముందే అంచనా వేయొచ్చని చూపించారు. ఇండోనేషియాలో ఇంకో కొండగుర్తు ఉంది. కొన్ని నెలలపాటు వాన రోజుకు సగటున 4 మిల్లీమీటర్ల కంటే తగ్గిందంటే మంటలు కొంచెం కొంచెంగా కాదు, ఒక్కసారిగా పెరుగుతాయి.

పరిమితులూ ఉన్నాయి. మార్చి నుంచి మే మధ్య పసిఫిక్ అటూ ఇటూ తేల్చుకోని స్థితిలో ఉంటుంది, ఆ నెలల్లో చెప్పే ఎల్ నినో జోస్యం తరచుగా తప్పుతుంది. 2014లో పెద్ద ఎల్ నినో వస్తోందని అందరూ చెప్పారు, అది ఆగి 2015లో వచ్చింది. డైపోల్ జోస్యం ఇంకా తక్కువ నెలల ముందే నమ్మదగ్గది. పైగా సముద్రం చెప్పేది ఏ ప్రాంతం ఎండుతుందని మాత్రమే. ఏ రోజు, ఏ గుట్ట అనేది గాలి, నిప్పు చేతుల్లో ఉంటుంది.

భూమి వేడెక్కడం వల్ల ఈ లెక్కలు మారుతున్నాయా?

మారుతున్నాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు. వాన ఉన్నచోట అది కుండపోతగా మారుతుంది. వాన లేనిచోట ఆ దాహం ఆకుల మీద, మట్టి మీద పడుతుంది. అందుకే 1965 నాటి ఎల్ నినో, ఇవాళ్టి అదే స్థాయి ఎల్ నినో అడవిని ఒకేలా ఎండబెట్టవు. సానుకూల డైపోల్‌లు బలమైనవి ఎక్కువసార్లు వస్తాయని చాలా నమూనాలు చెబుతున్నాయి. ఎల్ నినో విషయంలో నమూనాల మధ్య ఏకాభిప్రాయం అంత గట్టిగా లేదు.

2015 తర్వాత ఇండోనేషియాలో ఏమైనా మారిందా?

మారింది, ఇది నాకు సంతోషం కలిగించే జవాబు. 2016 జనవరిలో పీట్ నేలల పునరుద్ధరణ కోసం ప్రత్యేక సంస్థ పెట్టారు. పని వినడానికి చాలా మామూలుది. తవ్విన కాలువలకు అడ్డంగా దుంగలు, మట్టి బస్తాలు వేసి నీళ్ళను ఆపడం. మన ఊళ్ళలో కాలువకు అడ్డుకట్ట వేసి చెరువు నింపినట్టే. నేల మళ్ళీ నానితే పిడక మళ్ళీ పేడ అవుతుంది, అంటుకోదు. 2019లో ఎల్ నినో లేకుండానే డైపోల్ ధాటికి 16 లక్షల హెక్టార్లు కాలాయి, అంటే పని పూర్తి కాలేదని అర్థం. 2023లో ఎల్ నినో, సానుకూల డైపోల్ రెండూ కలిసి వచ్చాయి. అప్పుడు కాలింది ప్రభుత్వ లెక్కల్లో సుమారు 11.6 లక్షల హెక్టార్లు, 2015 నాటి దానిలో సగం కంటే తక్కువ. 2023 ఎల్ నినో 2015 అంత బలంగా లేదు కాబట్టి ఘనతంతా కట్టలకే ఇవ్వలేం. కొంతైనా వాటిదే.

ఈ సంగతులు మామూలు మనిషి ఎక్కడ చూడొచ్చు?

ఎల్ నినో స్థితిని అమెరికా సంస్థ నోవా ప్రతినెలా రెండో గురువారం ప్రకటిస్తుంది. డైపోల్ కోసం నేను ఆస్ట్రేలియా వాతావరణ శాఖ పేజీ చూస్తాను, ఆగస్టు నుంచి నవంబరు దాకా తప్పకుండా. మన వాతావరణ శాఖ రుతుపవనాల అంచనాలో రెండిటి గురించీ చెబుతుంది. ఆ అంచనాకు కావలసిన సముద్రపు కొలతలు చాలా మటుకు హైదరాబాద్ ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి వెళ్తాయి. హిందూ మహాసముద్రంలో మునిగి తేలుతూ వేడిని కొలిచే ఆర్గో తేలుడు పరికరాల భారతీయ విభాగాన్ని చూసేది కూడా వాళ్ళే.

మంట అంటుకున్నాక సంగతైతే, షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాల నుంచి అందుకున్న సమాచారం డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థకు వెళ్తుంది, అక్కడినుంచి అటవీ సిబ్బందికి ఎస్సెమ్మెస్ వస్తుంది. ఆ ఎస్సెమ్మెస్ కోసం మామూలు జనం కూడా ఆ సంస్థ సైట్లో ఫోన్ నంబరు నమోదు చేసుకోవచ్చు. అడవి పక్క ఊరైతే జనవరిలోనే ఆ పని చేసి పెట్టుకోండి.